వరస తప్పని పళ్ళు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు...!

దయ్యాలకు అర్ధరాత్రే అనువైన వేళ అనుకునేవాళ్ళు వట్టి అమాయకులు. నీడ కాళ్ళ కిందికి దూరిపోయి, మనిషికి కాపలా లేకుండా పోయే ఈ ఒక్క ఘడియే క్షుద్రశక్తులకు అసలైన ముహూర్తం! ఆకాశం నిండా కాటుక పులిమినట్టు కారుమేఘాలు... ఫెళఫెళారావాలతో ఉరుములు... ఎదుటి మేడ పిట్టగోడ మీద పట్టపగలే ఒక గుడ్లగూబ కూర్చుని గుడ్లు మిటకరిస్తోంది!

మూతబడిన ఫోటో స్టూడియో మెట్లు ఎక్కుతున్న అమ్మాయి చేతిసంచిలో అచ్చు తీసే గులాబీరంగు పిండి, ప్లాస్టరు పొట్లం ఉన్నాయి. ఆమె పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ఇంట్లోవాళ్ళు ముద్దుగా 'పళ్ళపిల్ల' అంటారు. ఊళ్ళో ముసలివాళ్ళు సగంమంది ఆమె కట్టిన పళ్ళతోనే నవ్వుతారు. ఆమె మాత్రం నవ్వడం మానేసి ఏడు నెలలైంది.

కారణం చెప్పుకోవడానికే సిగ్గుచేటు. డేటింగ్ యాప్! సంతలో వంకాయల్ని పుచ్చు ఉందేమోనని దొర్లించినట్టు, మనుషుల ముఖాల్ని బొటనవేలితో పక్కకి తోసేసే పాడు వ్యవహారం. ఏడు నెలల్లో ఆమెని ఇష్టపడ్డవాళ్ళు తొమ్మిదిమంది. అందులో నలుగురు మొదటి పలకరింపులోనే చొక్కా విప్పిన ఫోటోలు పంపారు. ఒకే ఒక్కడు కాఫీ షాపులో కలిశాడు. ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, "ఒక్క నిమిషం, ఫోనొచ్చింది" అని లేచి వెనక గుమ్మంలోంచి ఉడాయించాడు. కాఫీ చల్లారేదాకా ఆమె అక్కడే కూర్చుంది. ఆనాటి నుంచి అద్దంలో చూసుకున్నప్పుడల్లా, తన ముఖాన్ని తానే పక్కకి తోసేయడం అలవాటైంది.

"ప్రొఫైల్ గురువు దగ్గరికి వెళ్ళవే! ఆయన చెయ్యి పడితే బండరాయికి కూడా లైకులొస్తాయి" అంది పిన్ని కూతురు. ముఖం అచ్చు తీసే సామాను వెంట తెచ్చుకోవాలని గురువు ఫోన్‌లోనే షరతు పెట్టాడు. మునిగేవాడికి గడ్డిపోచ ఆధారం!

తలుపు దానంతటదే తెరుచుకుంది... కిర్ర్‌ర్‌మంటూ! లోపల నల్లటి తెరలు, ఒక ఎర్రబల్బు, ఎలుక చచ్చినట్టు గుప్పుమనే కంపు. గురువు అందగాడే. కానీ ఆ అందంలో ఏదో అతుకుల బొంత లక్షణం! కనుబొమలకీ కళ్ళకీ పొంతన లేదు, ఎడమ చెంప కుడి చెంపకంటే పదేళ్ళు చిన్నదిలా ఉంది. నోటికి మాత్రం పట్టు రుమాలు కట్టుకున్నాడు.

వాడి ముందు, రక్తచందనం పూసిన పీట మీద... కపాలం! ఒక్క పన్నయినా లేని బోసి కపాలం!

ఆమె కళ్ళు వృత్తిధర్మంగా దవడలోని పంటి గుంటల మీదికి వెళ్ళాయి. గుంటల అంచులు పదునుగా ఉన్నాయి. అవి ఊడిన పళ్ళు కావు, పీకేసిన పళ్ళు.

"దీని పళ్ళేమయ్యాయి గురువుగారూ?"

"పుర్రెకి పళ్ళుంటే కరుస్తుంది పిల్లా! నోరు మూసుకుని ముఖం ఇటు పెట్టు."

ఆమె కలిపిన పిండితోనే ఆమె ముఖం అచ్చు తీసి, ప్లాస్టరు పోసి, ఆ తెల్లని ముఖాన్ని కపాలం పక్కన నిలబెట్టాడు. ఉంగరం వేలి నుంచి మూడు రక్తబిందువులు దాని నుదుట రాల్చాడు. "హ్రాం... హ్రీం... రూపాకర్షిణీ!" అని వాడు గర్జించగానే దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు పడింది. ఆమె చేతిలోని ఫోన్ జుర్రుమంటూ వణికింది.

సాయంత్రానికి నూటపద్నాలుగు లైకులు! రెండో రోజుకి ఏడువందలు! "అప్సరసవి", "నువ్వు నిజంగా ఉన్నావా?" అంటూ మగవాళ్ళు చొల్లు కార్చుకుంటూ ఎగబడ్డారు. ఆమె ల్యాబులో మైనం కరిగిస్తూ ఒక కన్ను ఫోన్ మీదే ఉంచింది. ప్రతి లైకుకీ ఒంట్లో ఏదో తియ్యటి జలదరింపు. అది రాని ఐదు నిమిషాలూ పిచ్చెక్కినట్టుండేది. ఛీ, ఎంతకి దిగజారింది!

నాలుగో రోజు ఫోన్ ఆమె ముఖం చూసి తెరుచుకోలేదు. 'ముఖం సరిపోలలేదు' అంది. తుడిచి చూపించింది. సరిపోలలేదు. అద్దం దగ్గరికి పరుగెత్తింది... కనుబొమలు లేవు! ముక్కు కొన కరిగిన మైనంలా చప్పబడి ఉంది. ఎడమ కంటి కింద, పుట్టినప్పటి నుంచీ ఉన్న నువ్వుగింజంత పుట్టుమచ్చ మాయం!

"ఎవరమ్మా నువ్వు? మా అమ్మాయి గదిలో ఏం చేస్తున్నావు?" గుమ్మంలో నిలబడి అడిగింది కన్నతల్లి.

"అమ్మా! నేనే!"

గొంతు పోల్చుకుని తల్లి దగ్గరికొచ్చింది. ఆ ముఖాన్ని తడిమి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళడం ఆమె గుండెలో ముల్లులా దిగింది.

మధ్యాహ్నం ఉరుముల్లోనే స్టూడియోకి పరుగెత్తింది. గురువు నవ్వుతూ ఎదురొచ్చాడు. వాడి ఎడమ కంటి కింద... నువ్వుగింజంత పుట్టుమచ్చ!

"నా ముఖం నాకిచ్చెయ్యండి!" కాళ్ళ మీద పడింది.

"నచ్చినవాళ్ళందరూ తలా ఒక ముక్క తినిపోతారు పిల్లా. మిగిలింది నాకు." వాడు రుమాలు విప్పాడు. పగడాల్లాంటి ఆ పెదవులు ఎవరివో! వాటి వెనక చీము కారే బోసి చిగుళ్ళు! కంపుకి ఆమె ముక్కు మూసుకుంది. "నా వయసు నూట ముప్ఫై. మాంసం నా మంత్రానికి లొంగుతుంది గానీ ఎముక లొంగదు. అందుకే పళ్ళు మొలవవు. నవ్వే ఫోటో లేనివాణ్ణి ఆ యాప్‌లో ఎవరు ముట్టుకుంటారు? ఈసారి నేనే దిగుతాను! లక్షల ముఖాలు నా గుప్పిట్లోకొస్తాయి!"

ఎంత అసహ్యం! నూట ముప్ఫై ఏళ్ళ పిశాచానికి కూడా లైకుల యావే!

వాడొక రేకుడబ్బా ఆమె ముందుకి విసిరాడు. లోపల ఇరవై ఎనిమిది పళ్ళు గలగలలాడాయి. నిజమైన మనిషి పళ్ళు!

"వీటితో నాకు సెట్టు కట్టు. కానీ ఒక్క పన్ను కూడా తన వరసలో ఉండకూడదు! కుడిది ఎడమకి, పైది కిందికి. రేపు ఇదే వేళకి తెస్తే నీ ముఖం నీది. లేదా..." వాడు ఆమె ప్లాస్టరు ముఖం మీద సుత్తి ఆనించాడు.

వరస గురించి చెప్పేటప్పుడు వాడి గొంతు వణికింది. అది ఆమె చెవిన పడింది.

అచ్చు తీయడానికి వాడి నోట్లో వేళ్ళు పెట్టక తప్పలేదు. వాడి నాలుక ఆమె వేలిని నాకింది. ల్యాబుకి వెళ్ళి సబ్బుతో ఆరుసార్లు చేతులు కడుక్కుంది.

ముఖానికి మాస్కు కట్టుకుని బల్ల ముందు కూర్చుని, పళ్ళని జాతులవారీగా విడదీసింది. ముందు పళ్ళలో ఒకదానికి పింగాణీ క్యాపు తొడిగి ఉంది. తిప్పి చూసింది... వెనక వైపు, నాలుకకి మాత్రమే తగిలే చోట రెండు సన్నటి గీతలు! అది ఆమె గుర్తు. మన పని మనం పోల్చుకోవాలని ల్యాబు మాస్టారు నేర్పిన అలవాటు.

ఆ క్యాపు ఒక హోటల్లో రిసెప్షనిస్టుది. రెండేళ్ళ కిందట పన్ను కొన బియ్యపు నూకంత విరిగిందని ల్యాబుకి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన పిల్ల. "ఫోటోలో తేడా కనిపించదు కదా అక్కా?" అని పదిసార్లు అడిగింది. తర్వాత ఎవరితోనో లేచిపోయిందని జనం నోటికొచ్చినట్టు అనుకున్నారు. ఎవరితోనూ పోలేదు... పీట మీద బోసినోటితో కూర్చుని ఉంది!

"ఎవరి పళ్ళమ్మా అవి?" పక్క బల్ల దగ్గర్నుంచి అడిగారు మాస్టారు.

"ఒకళ్ళ పళ్ళు ఇంకొకళ్ళు అడుగుతున్నారు మాస్టారూ."

"చోద్యం! పన్ను పుట్టిన వరస మరిచిపోదమ్మా. నోరు మారితే కరిచి చంపుతుంది." ఆయన సరదాకే అన్నారు.

చెప్పినట్టు వింటే ముఖం దక్కుతుందేమో! మాట తప్పితే సుత్తి దెబ్బ! కానీ ఆ రెండు గీతల వైపు చూసిన కొద్దీ కడుపులో భయం అడుగంటి, రోత పైకి తేలింది. మైనం వేడి చేసింది. కుడిది కుడికి, ఎడమది ఎడమకి, పైది పైకి, కిందది కిందికి. ఇరవై ఎనిమిదింటినీ ఆ పిల్ల నోట్లో ఎలా ఉండేవో అలాగే కూర్చింది. నాలుక కోసుకోకుండా అంచులు అరగదీయడం ఆనవాయితీ. ఆ పని మాత్రం చెయ్యలేదు.

మర్నాడు పన్నెండు గంటలు...! ఆకాశం బద్దలయ్యేలా ఉరుములు!

"వరస మార్చావా?"

"మీరు చెప్పినట్టే గురువుగారూ."

వాడు సెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పన్ను చూసి పోల్చుకునే విద్యే వాడికి ఉంటే ఆమెతో పనేముంది? టక్కున నోట్లో పెట్టుకున్నాడు. ఫోన్ ఎత్తి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, మంత్రం అందుకున్నాడు.

"హ్రాం... హ్రీం... దంత..."

నాలుక పళ్ళకి తగిలింది. టప్!

నాలుక కొన కపాలం ముందు పడి బల్లిపిల్లలా గిలగిలలాడింది! వాడు ఘోరంగా ఊళపెట్టి సెట్టు లాగేయడానికి వేళ్ళు దూర్చాడు. టప్! టప్! వేళ్ళు రాలాయి. పీట మీద బోసి కపాలం దవడలు ఆడిస్తున్న కొద్దీ వాడి నోట్లో పళ్ళు లయ తప్పకుండా నమిలాయి! పెదవుల్ని... చెంపల్ని... దొంగిలించిన సౌందర్యాన్నంతా! కనుబొమలు ఊడి ఎగిరిపోయాయి, ముక్కు జారింది, పుట్టుమచ్చ నిప్పురవ్వలా వచ్చి ఆమె కంటి కింద అతుక్కుంది. చివరికి నేల మీద మిగిలింది పురుగులు లుకలుకలాడే ఒక జిగట ముద్ద... దాని మధ్య తళతళలాడుతున్న పళ్ళ సెట్టు!

ఆమె గోడవారకి వెళ్ళి వాంతి చేసుకుంది. తర్వాత సెట్టుని కడిగి, మైనం కరిగించి, ఒక్కొక్క పన్నూ తీసి కపాలంలో దాని గుంటలో దాన్ని కూర్చింది. చివరగా ఆ క్యాపు పన్ను.

సంచిలో ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఆమె ముఖానికెదురుగా పెట్టగానే తెరుచుకుంది. పదమూడు వందల లైకులు. మోత వినలేక నొక్కిపట్టి ఆర్పేసింది.

అప్పుడు... కపాలం దవడ మెల్లగా కదిలింది. సిగ్గుపడే ఆడపిల్ల గొంతు!

"ఫోటోలో తేడా కనిపించదు కదా అక్కా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు ల్యాబు కౌంటర్ దగ్గర చెప్పాల్సిన మాట, బేరం పోతుందని చెప్పని మాట, ఇన్నాళ్ళకి నోటికొచ్చింది.

"కనిపించదు చెల్లీ. క్యాపు పెట్టకముందు కూడా కనిపించేది కాదు."