ఊపిరి పీల్చిన ఇంజన్ సైకిల్

అశోక్‌నగర్‌లో ఓ సందు మలుపు దగ్గర తాళం వేసిన పాత ఇల్లు ఉండేది. చీకటి పడ్డాక ఆ గేటు ముందు బండ్లు వాటంతటవే ఆగిపోతాయని దానికి పేరు. ఎవరి బండి ఆగిందని అడిగితే మాత్రం అందరూ ఒక్కరినే చూపించేవాళ్లు — రాఘవేందర్‌ని.

2012 నాటి మాట. ఆయన భార్య కమలక్క చెప్పగా విన్నాను.

రాఘవేందర్‌ది చిక్కడపల్లిలో టైలర్ షాపు. తన పాత సైకిల్‌కి చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్ బిగించుకున్నాడు. ట్యాంకుకీ, దాని మూతకీ ఎర్రరంగు దట్టంగా పూసి మురిసిపోయాడు. సాయంత్రం షాపు మూసి, కమలక్కని వెనక కూర్చోబెట్టుకుని గాంధీనగర్ చుట్టి వచ్చేవాడు. సరిగ్గా ఆ గేటు ముందుకి రాగానే — టప్... టప్... ఇంజన్ ఆగిపోయేది.

కాసేపు నిలబడితే మళ్లీ స్టార్టయ్యేది. అదే ఇంకా భయం.

ప్లగ్గు మార్చాడు. పెట్రోల్లో ఆయిల్ కొలిచి కలిపాడు. అయినా అక్కడే ఆగింది.

"ఇంకొక్కసారి ఆగితే పాత సామాన్లు కొనేటోనికి ఇచ్చేస్త," అన్నాడు దిగులుగా.

కమలక్కకి మనసొప్పలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆయన తనని షికారు తిప్పుతున్నది ఈ సైకిల్ మీదే.

"ఆ గేటు జోలికే పోవద్దు," గుసగుసగా అంది. "ఇయ్యాల నారాయణగూడ దిక్కు పోనియ్యుండ్రి."

పోయారు. ఎక్కడా కరెంటు లేదు. చల్లగాలి... కమలక్కకి హాయిగా నవ్వొస్తోంది. నారాయణగూడలో ఒక సందు తిరిగారో లేదో —

టప్... టప్...

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"కమలా... అది మనెంబడే వచ్చినట్టుంది."

"వెనక కూసున్నది నేనే కదా," అంది గానీ, మెల్లగా చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకుంది.

పెట్రోలు అయిపోయిందేమోనని ఆయన ట్యాంకు మూత తిప్పాడు.

స్స్స్...

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చినట్టు! రాఘవేందర్ మూత పారేసి ఫుట్‌పాత్ ఎక్కాడు. కమలక్క ఫోన్ లైటు వేసి దాన్ని వెతికి తీసింది. తిప్పి తిప్పి చూసింది.

"మూత మీద ఈ గుంట ఏంది?"

"గుంట కాదు, అది గాలి పోయే బొక్క..." అంటూనే ఆయన ఆగిపోయాడు. ఆ బొక్క నిండా ఎర్రరంగు.

పెట్రోలు దిగుతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలి. పోకపోతే పెట్రోలు దిగదు, ఇంజన్ నడవదు. ఏ దిక్కు పోయినా, ఆ గేటు దాకా ఉన్నంత దూరానికే దాని దమ్ము అయిపోయేది; కాసేపు ఆగితే మూత అంచుల్లోంచి కాస్త గాలి దూరి మళ్లీ నడిచేది.

కమలక్క నవ్వాపుకోలేక రోడ్డు మీదే కూలబడింది. తర్వాత గాజుకున్న పిన్నీసు తీసి బొక్క పొడిచింది. "ఇప్పుడు ఆ గేటు దిక్కే పోనియ్యుండ్రి."

ఇంజన్ పాట పాడుతున్నట్టు నడిచింది. మలుపు వచ్చింది. గేటు వచ్చింది. తాళం వేసే ఉంది. ఆగకుండా దాటేశారు.

అప్పుడు... లోపలి చీకట్లోంచి ఓ ముసలి గొంతు, నింపాదిగా —

"ఏంది బిడ్డా... ఇయ్యాల ఆగకుండనే పోతున్రా?"

ఇంజన్‌కి అసలు పరీక్ష అప్పుడు జరిగిందంటుంది కమలక్క. బాగ్ లింగంపల్లి దాటినా ఆగలేదట.