కొత్త ర్యామ్, పాత ఆలస్యం

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మ, అందరికంటే ఆలస్యంగా లేచేది కంప్యూటర్. ఆవిడ దాని స్విచ్ నొక్కి, పాలు కాచి, కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోసి వచ్చినా అది ఇంకా ఒళ్ళు విరుచుకుంటూనే ఉండేది. హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ పాత డబ్బా మీదే అమ్మ ప్రెస్సువాళ్ళకు పుస్తకాల పేజీలు కంపోజ్ చేసి ఇచ్చేది. ఈమధ్య పేజీలు ఆలస్యమవుతున్నాయని, ఇలాగైతే పని ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుందని ప్రెస్సు యజమాని మర్యాదగానే చెప్పాడు.

"నేనేం చెయ్యను? ఇది కదిలి చస్తేగా," అని అమ్మ నెపం కంప్యూటర్ మీదికి తోసేసింది. పాపం, నోరులేనిది, అదీ కాదనలేదు.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. యానిమేషన్ కోర్సులో సీటొచ్చింది. దానికి కావలసిన లాప్‌టాప్ కోసం బట్టల షాపులో బిల్లులు కొడుతూ జీతం దాచుకుంటోంది. ఆ దాచిందంతా తీసి అమ్మ కంప్యూటర్‌కి పెడతానంది.

"అన్నీ మార్చేకంటే కొత్తది కొంటే పోలా?" అన్నాడు నాన్న. ఆయన లిఫ్టు మెకానిక్.

"కొత్తదానికి ఈ డబ్బులు సరిపోవు నాన్నా. ప్రాసెసర్ పర్లేదు, ఉంచేద్దాం. పాత హార్డ్‌డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేద్దాం, ర్యామ్ పెంచుదాం. ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే, మిగిలిన డబ్బుతో పవర్ సప్లై కూడా మార్చొచ్చు."

"మరి నీ కోర్సు?"

"వచ్చే ఏడు చూద్దాంలే."

అమ్మ ఏదో అనబోయి, మడతపెట్టిన తువ్వాలునే మళ్ళీ మడతపెట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

పిచ్చుక దుకాణాలన్నీ జల్లెడ పట్టింది. ఆ పాత బోర్డుకు సరిపడే ర్యామ్ కోసం చెప్పులరిగేలా తిరిగి, బేరమాడి తెచ్చింది. ఆదివారం హాల్లో దుప్పటి పరిచి డబ్బా విప్పితే ఫ్యాను నిండా దుమ్మే. నాన్న టార్చి పట్టుకుని, అడగని సలహాలు ఇస్తూ కూర్చున్నాడు. అన్నీ బిగించి స్విచ్ నొక్కగానే కంప్యూటర్ చిటికెలో తయారైంది.

"నా లిఫ్టులు కూడా ఇంత తొందరగా రావే," అని ఆయన మురిసిపోయాడు. అమ్మ నవ్వీ నవ్వనట్టు నవ్వింది.

కొన్నాళ్ళకి ప్రెస్సు యజమాని పిచ్చుకకే ఫోన్ చేశాడు. పేజీలు ఇంకా ఆలస్యమేనట, పైగా తప్పులట. "మీ అమ్మగారి చేతిలో ఇలాంటి తప్పులు నేనెప్పుడూ చూడలేదమ్మా," అన్నాడు. పిచ్చుకకు తల కొట్టేసినట్టయింది. తను బిగించిందే సరిగా లేదేమోనని మళ్ళీ విప్పి, ర్యామ్ తీసి పెట్టి, కేబుళ్ళు మార్చి చూసింది. యంత్రంలో వంక పెట్టడానికేం లేదు.

మర్నాడు సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి అమ్మ కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పిచ్చుకకు ఒళ్ళు మండింది.

"నిజం చెప్పమ్మా. నీకీ పని చెయ్యాలని లేదు, అంతేగా?"

"అదేం మాటే?"

"మరేంటి? అది నీకోసం కాసుక్కూర్చుంది, నువ్వేమో గోడ చూస్తున్నావు. కోర్సు వదులుకుని పెట్టాను ఆ డబ్బు. నీకు చీమ కుట్టినట్టయినా లేదు."

"పిచ్చుకా, నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు నాన్న, టీ గ్లాసు కింద పెడుతూ.

"దాన్నేమీ అనకండి. అది అడగాల్సిందే." అమ్మ పిచ్చుక వైపు తిరిగింది. "పాత కంప్యూటరే నన్ను కాపాడిందే. అది ఆలోచిస్తూ ఉంటే నేను కళ్ళు మూసుకునేదాన్ని. తెరిచాక కాస్త తేటగా ఉండేది. ఇప్పుడా కాసేపు కూడా లేదు, నొక్కేలోపే వచ్చేస్తుంది. నాకేమో అక్షరాలన్నీ అలుక్కుపోతున్నాయి."



"ముందే చెప్పొచ్చుగా," అంది పిచ్చుక.

"చెబితే మానెయ్యమంటారు. ఈ పని కూడా పోతే ఇంక నేనెందుకని భయం. నీ డబ్బు తీస్తుంటే ఆపాలనుకున్నా, నోరు రాలేదు. యంత్రం మారితే బాగుపడుతుందేమోనని నేను కూడా నమ్మేశాను. ఎవరూ లేనప్పుడు అక్షరాలు పెద్దవి చేసుకునేదాన్ని. మీరొచ్చే అలికిడైతే మళ్ళీ చిన్నవి చేసేసేదాన్ని."

పిచ్చుక కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "ఎంత పెద్దవి? చూపించు."

అమ్మ మౌస్ చక్రం తిప్పింది. పిల్లల లెక్కల పుస్తకం అది. పేజీ పోయి పేరా మిగిలింది, పేరా పోయి వాక్యం మిగిలింది. అమ్మ చెయ్యి ఆగలేదు. తెరంతా ఒకే ఒక్క మాట నిండాక, ముందుకు వంగి, తల ఓరగా పెట్టి చదివింది.

"భాగహారం. ఆ, ఇలా అయితే తెలుస్తుంది."

పిచ్చుక ఆ మాటకేసి చూసింది, అమ్మకేసి చూసింది. ఇన్ని పేజీలూ ఇలాగే చేసిందా? ఏడుపు తన్నుకొచ్చి అమ్మ భుజం మీద తల పెట్టేసింది.

"స్క్రూలన్నీ విప్పి చూశాను గానీ, నీ పక్కన ఒక్కపూట కూర్చోలేదమ్మా."

"ఊరుకో. నేను కూర్చోనిచ్చానా ఏంటి?" అంటూ అమ్మ కూడా ఏడ్చేసింది.

నాన్న వరండాలోకి వెళ్ళి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. "రేపు పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి. నేను సెలవు పెట్టాను. ఆయన ఏం చెప్పినా, ముగ్గురం విందాం."

"రేపు పేజీలు ఇవ్వాలండీ," అంది అమ్మ బెదురుగా.

పిచ్చుక ముక్కు తుడుచుకుని, అక్షరాలు మామూలు సైజుకు తెచ్చి, ప్రెస్సువాళ్ళిచ్చిన కాగితాలు చేతిలోకి తీసుకుంది.

"నేను చదువుతాను. నువ్వు కొట్టు."

మొదటి వాక్యం చదివింది. అమ్మ కళ్ళు మూసుకుని కొట్టడం మొదలుపెట్టింది. ఎక్కడా తప్పు పోలేదు.