బీరువా అవతల

ఆమెను నేను మొదటిసారి చూసింది మా పురపాలక సంఘం సమావేశంలో. చూసిన మూడో నిమిషంలోనే నోరు మూయించాను. ప్రేమకథ మొదలుపెట్టడానికి ఇంతకంటే దరిద్రమైన పద్ధతి ఉంటే నాకు తెలియదు.

ఏం చేయను, నా ఉద్యోగమే అది. బయటివాళ్లెవరు మాట్లాడినా మూడు నిమిషాలే. ఆపైన నేను గంట కొట్టి మైకు ఆపేస్తాను. చైర్‌పర్సన్ స్వయానా మా మేనత్త. రూలంటే ఆవిడకు ప్రాణం.

ఆమె మున్సిపల్ బడిలో లెక్కల టీచరు. "బడులకు నిధులు పెంచమని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతూ మీరో తీర్మానం చేయండి. చుట్టుపక్కల ఊళ్లన్నీ చేశాయి. అందరూ గట్టిగా అడిగితేనే బడ్జెట్‌లో పెడతారు. మా బడిలో ఒకే గదిలో రెండు క్లాసులండీ! మధ్యలో..."

ఠంగ్!

మధ్యలో ఏముందో ఎవరికీ తెలియలేదు. మేమంతా పొదుపు మామయ్య అని పిలుచుకునే కౌన్సిలర్ ఆవులించి, "వచ్చే సమావేశంలో చూద్దాంలే" అన్నాడు.

బయట వాన దంచేస్తోంది. ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది. గొడుగు పట్టుకుని వెళ్లాను.

"అక్కర్లేదు గంటగారూ."

"నా పేరు గంట కాదండీ."

"చేసే పని అదేగా?"

"రూలండీ..."

"బీరువా," అంది.

"ఆఁ?"

"మధ్యలో బీరువా ఉంది. అందాకా చెప్పనిస్తేగా మీరు! రెండు క్లాసులకీ మధ్య గోడ లేదు, బీరువానే అడ్డం. ఒకసారి వచ్చి కూర్చోండి, తెలుస్తుంది."

కోపంగానే అంది. కానీ కళ్లు నవ్వుతున్నాయి. నా పని అయిపోయింది.

మర్నాడే వెళ్లాను. మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా చివరి బెంచీలో ఇరుక్కున్నాను. ఇటు ఆమె భిన్నాలు చెబుతోంది. బీరువా అవతల ఇంకో టీచరు ఎక్కాలు చదివిస్తోంది.

"గంటగారూ, సగంలో సగం ఎంత?"

"తొమ్మిది రెళ్లు..." అంటోంది అవతలి క్లాసు.

"పద్దెనిమిది!" అన్నాను ఠక్కున.

క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. బడి వదిలాక మాత్రం నవ్వలేదు.

"రోజూ ఇంతే. గోడ కావాలి, ఇంకో టీచరు కావాలి. నిధులు పెరగకపోతే అసలు నా పోస్టే ఉండదు. ఏడాది ఆఖరుకి ఇంకో ఊరు చూసుకోవాలి."

అంతవరకూ రాష్ట్ర బడ్జెట్ గురించి నేనెప్పుడూ బెంగపడలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారంతా దాని గురించే బెంగపడ్డాను.

అదృష్టం కొద్దీ ఆ వానలకి మా సమావేశ మందిరం కారడం మొదలెట్టింది. వేరే చోటు చూడమంది అత్త.

"మున్సిపల్ బడి ఉందిగా అత్తా. క్లాసులు జరిగే వేళ పెడదాం."

అత్త కళ్లజోడు మీదుగా చూసింది. "ఎవరి కోసంరా ఇదంతా?"

"ప్రజల కోసం."

"ఆ ప్రజలకి పొడుగు జడ ఉంటుందా?"

వినబడనట్టు ఫోన్ చూసుకున్నాను.

సమావేశం రోజున ఆమె తన క్లాసు పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టింది. కౌన్సిలర్లు బెంచీల్లో ఇరుక్కున్నారు. బీరువా అవతల పాఠం మామూలే. పొదుపు మామయ్య లేచాడు.

"గదుంది, బోర్డుంది. ఇంకా నిధులెందుకు? నేననేదేమిటంటే..."

"ఏడు ఏడులు నలభై తొమ్మిది!" అంది బీరువా.

"అదే, మనం ప్రభుత్వాన్ని..."

"ఏడు ఎనిమిదులు..."

"యాభై ఆరు... ఛఛ! కాస్త ఆగమనండమ్మా వాళ్లని!"

"ఆగితే వాళ్ల పాఠం పోతుందండీ," అందామె. "మీకిది ఒక్క పూట. పిల్లలకి రోజూ."

మామయ్య మళ్లీ బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. ఆమె చెబుతూనే ఉంది. మూడు నిమిషాలు ఎప్పుడో దాటాయి. అత్త నా వంక చూసింది.

"గంటేదిరా?"

"తడిసి పాడైంది అత్తా."

ఇత్తడి గంట తడిస్తే ఏమవుతుందని ఎవరూ అడగలేదు. ఓటింగ్‌లో మొదట లేచిన చెయ్యి పొదుపు మామయ్యది. "తీర్మానంలో గోడ సంగతి ప్రత్యేకంగా రాయండి" అన్నాడు. నాకు ఈల వేయాలనిపించింది.

అందరూ వెళ్లాక నోరు తెరవబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నేనీ ఊళ్లో ఉంటానో లేదో తేలేదాకా ఏమీ అడక్కండి. మీకు మాటిచ్చి వెళ్లిపోవడం నా వల్ల కాదు."

సరేనన్నాను. గంట మాత్రం ఆమె బల్ల మీద కావాలనే మరిచిపోయి వచ్చాను. ఆ తర్వాత మా సమావేశాల్లో అత్త బల్ల గుద్ది మాటలు ఆపాల్సి వచ్చింది.

బడ్జెట్ వచ్చింది. బడులకు నిధులు పెరిగాయి. కొన్నాళ్లకు మా బడికీ ఉత్తర్వు వచ్చింది. గోడకి డబ్బు, ఇంకో టీచరు, ఆమె పోస్టు పదిలం! అత్తా నేనూ వానలో తడుస్తూనే బడికెళ్లాం. పిల్లలంతా వెళ్లిపోయారు. "గోడ ఎక్కడ లేపాలో చూసొస్తా" అని అత్త టేపు పట్టుకుని అటెళ్లింది.

ఆమె ఉత్తర్వు చదివింది. కళ్లు తుడుచుకుంది. బల్ల మీది గంట చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు చెప్పండి. మూడు నిమిషాలు."

అన్నాళ్లుగా అద్దం ముందు తయారు చేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"నాకు... భిన్నాలు ఇప్పటికీ రావు. మీరే నేర్పాలి. రోజూ. అంటే పెళ్లి చేసుకుని. మీ పోస్టు పోయుంటే మీ వెనకే మీరెళ్లే ఊరొచ్చేసేవాణ్ని. మీరంటే నాకు చచ్చేంత ఇష్టం!"

ఇంకా ఏవేవో వాగాను. టైమ్ ఎప్పుడో దాటింది.

"గంట కొట్టరేం?" అన్నాను చివరికి.

"తడిసి పాడైంది," అందామె.

అంతలో బీరువా అవతల నుంచి అత్త గొంతు ఖంగుమంది. "ఒప్పుకుంటే చెయ్యెత్తమ్మా! నాకు టైమవుతోంది!"

గోడ లేని సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఆమె ఒక చేత్తో మొహం కప్పుకుని, రెండో చెయ్యి నెమ్మదిగా పైకెత్తింది.

"ఎత్తింది అత్తా!" అని అరిచాను.

"ఏకగ్రీవం!" అంది బీరువా.