పసుపు సీసా

ఖాళీ అయిన సీసాను పారేయాలంటే సంధ్యారాణికి ప్రాణం ఒప్పదు. పచ్చడి సీసానో, జామ్ సీసానో, కడిగి ఎండలో పెట్టాల్సిందే. కొత్త డబ్బాలు కొనడం దండగ కాదూ! నిన్న స్టోర్ రూమంతా సర్ది, కవర్లలోని పప్పులూ పొడులూ అన్నీ సీసాల్లో పోసింది. ఈ పొద్దున ఎండ పడి అలమర తళతళలాడుతుంటే ఎంత మురిసిపోయిందో! దగ్గుతున్న కూతురు భూమికకు కొత్త సీసాలోంచే తీసి పసుపు పాలు కలిపిచ్చింది.

వాకిట్లో ఉడికిన పసుపు కొమ్ములు ఆరుతున్నాయి. ఈ రోజుల్లో ఆర్మూరులో ఎవరి ముక్కుకైనా పసుపు తప్ప ఇంకో వాసన తెలియదు.

"సంధ్యా, మూలకు ఉప్పు కవర్ల మందుపొడి పెట్టిన. గదేది?" అత్త లసుమవ్వ స్టోర్ రూములోంచి అడిగింది.

"ఏం మందు అత్తమ్మా?"

"పసుపు విత్తనానికి పట్టించంగ మిగిలింది. పచ్చగుంటది."

సంధ్యారాణి పిల్ల దగ్గరికి పరుగెత్తింది. ఆ పొడిని ఇంటి పసుపే అనుకుని సీసాలో పోసింది తనే.

"భూమీ! తాగకే!"

పిల్ల మూతి తుడుచుకుంటూ ఖాళీ గ్లాసు చూపించింది. "చేదుగున్నయమ్మా."

దవాఖానలో పిల్లను లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు.

"నీ సీసాల పిచ్చి పాడుగాను! నా సామాను ఎవలు ముట్టమన్నరే?" లసుమవ్వ విరుచుకుపడింది.

"విషం తెచ్చి ఉప్పు కవర్ల ఎవలన్న పెడ్తరా అత్తమ్మా?"

"పారేసుడెందుకని దాచిన బిడ్డా..." అంటూ లసుమవ్వ బెంచీ మీద కూలబడింది. ఇద్దరిదీ ఒకటే బుద్ధి. ఇక ఎవరు ఎవరిని తిట్టాలి?

దేవుడు చల్లగా చూశాడు. పిల్ల కోలుకుని ఇంటికొచ్చింది. పాలు పట్టవచ్చని డాక్టరు చెప్పాడు. ఉత్త పాలే అయినా సంధ్యారాణికి నమ్మకం చిక్కలేదు. పిల్లకిచ్చే ముందు తను ఒక గుటక తాగబోతే లసుమవ్వ గ్లాసు లాక్కుంది.

"నువ్వు గాదు. ముందుగాల నేను తాగుత. పిల్లకు తల్లి ఉండాలె."

ఆ గుటక దిగేదాకా సంధ్యారాణి అత్త మొహం వంకే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఆమె భుజం మీద వాలి బావురుమంది.

"నాకు నువ్వు ఉండాలె అత్తమ్మా!"