తుమ్మెద మీద ఎర్రచుక్క

"బాగలూరు రోజాలు కట్ట ఎంత?"

"ముళ్ళు తీసినవా, తీయనివా?" అంది భూమిక.

కోడ్ సరిపోయింది. హోసూరు బస్టాండు పక్క టీ అంగడి బెంచీ మీద, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్న పూల వ్యాపారి నిజానికి ఆమె పోలీసు చీఫ్ జయప్రకాశ్. కళ్ళెత్తకుండానే మాట్లాడాడు.

"గోకుల్ పోయినాడమ్మా. రోజాతోట కంచె పక్కన శవం దొరికింది. బండి జారి పడినాడని రాసుకున్నారు. చంపేసినారు."

భూమిక టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసింది. ఆమెకు ఈ విద్య నేర్పింది గోకులే. నిన్న మధ్యాహ్నం కూడా ఫోన్లో నవ్వాడు.

"చివరి మెసేజ్ పెట్టినాడు. తుమ్మెదకు డూప్లికేట్ తయారైంది, బ్యాటరీ చోట బాంబు, మూత పూర్తిగా తెరుచుకుంటే పేలుతుంది."

తుమ్మెద అంటే బాగలూరు రోడ్డు ఫ్యాక్టరీలో పుట్టిన కొత్త లాప్‌టాప్ కోడ్‌నేమ్. వచ్చే ఏడాది లైనప్‌కంతా అదే పెద్దక్క. ఒంటికి కొత్త మిశ్రమ లోహం, బరువు కొబ్బరిచిప్పంత. ఫ్యాక్టరీలో ఉన్నది ఒకే ఒక్క పీసు. రేపటి విడుదల వేడుకలో విదేశీ కొనుగోలుదార్ల ముందు దాని డూప్లికేట్ పేలిందంటే ఫ్యాక్టరీకి తాళమే, ఆర్డరంతా ఆ డూప్లికేట్ చేసిన విదేశీ ముఠాను పెంచి పోషిస్తున్న పోటీ కంపెనీకే.

"రేపటి ప్రోగ్రాం ఆపేయండి సార్!"

"ఆపితే ముఠా జారుకుంటాది. ఇంకో ఊళ్ళో పేలుస్తారు. రేపు పొద్దున స్కాన్ చేసి అసలు పీసే పెడతాము. నువ్వు కన్ను తిప్పొద్దు."

"డూప్లికేట్‌ను ఎట్ల గుర్తుపట్టేది?"

"రంగు, బరువు, సీరియల్ నంబరు, అన్నీ ఒకటేనంట. తేడా ఏందో చెప్పేలోపే వాణ్ణి..." జయప్రకాశ్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇంకోటి. మంజుశ్రీ మనకూ సమాచారం ఇస్తాది, వాళ్ళకూ ఇస్తాది. ఎవరి మనిషో నాకే తెల్దు. జాగ్రత్త."

మంజుశ్రీ ఫ్యాక్టరీకి డిజైన్ సలహాదారు. సిల్కు చీర, నల్లకళ్ళద్దాలు, ఆమె నడిచి వెళ్ళాక కూడా కాసేపు అక్కడే ఉండే సెంటు వాసన. రూమర్ సైట్లకు దొంగ ఫోటోలు అమ్మేది ఆమేనని భూమిక అనుమానం. ఇంకా పుట్టని లాప్‌టాప్‌కు బారసాల చేసి, ముక్కు ఎవరి పోలికో కూడా చెప్పేసే సైట్లున్నాయే, వాటికి.

ఆయుధపూజ నాటి ఫోటో అలాగే బయటికి పోయింది. ఆ రోజు ఫ్యాక్టరీలో ప్రెస్సుకూ, ఫోర్క్‌లిఫ్టుకూ, చివరికి మంటలార్పే సిలిండరుకూ గంధం, కుంకుమ పెట్టారు. కల్లావి ఊరినుంచి వచ్చి లాప్‌టాప్‌లు బిగించే పిల్ల సుమ ఊరుకుంటుందా? గాజుపెట్టెలోని తుమ్మెద మూత మీద కూడా చక్కగా ఒక ఎర్రబొట్టు పెట్టేసింది.

"క్లీన్‌రూమ్ సరుకు మీద కుంకుమా!" అని సూపర్‌వైజర్ యతీశ్ గగ్గోలు పెట్టాడు.

"పనిముట్టుకు బొట్టు పెట్టకుంటే ఎట్ల సార్?" అంది సుమ.

ఆ సాయంత్రమే, అదే లైన్లో పనిపిల్లగా చేరిన భూమిక తడిగుడ్డతో దాన్ని జాడ లేకుండా తుడిచేసింది. మర్నాడు సైట్ల నిండా ఆ బొట్టే. వేలిముద్ర సెన్సర్ అంది ఒకటి. గుండెచప్పుడు కొలిచే కన్ను అంది ఇంకొకటి. సుమ పడీ పడీ నవ్వింది. ఆ పిల్లతో లేడీస్ హాస్టల్లో గది పంచుకున్నాక, తను వచ్చింది డ్యూటీ మీద అన్న సంగతే భూమిక అప్పుడప్పుడు మరిచిపోయేది.

మొదటి తుమ్మెదను బిగించింది సుమే కాబట్టి, రేపు వేదిక మీద మూత తెరిచేదీ సుమే.

రాత్రంతా భూమిక కంటి మీద కునుకు లేదు.

మర్నాడు హాలు కిటకిటలాడింది. స్కానింగ్‌లో అసలు తుమ్మెదే వచ్చింది. మఖమల్ సంచిలో పెట్టి సీలు వేశారు. అక్కడినుంచి వేదిక దాకా దాన్ని మోసుకొచ్చింది మంజుశ్రీ. మధ్యలో మేకప్ గదిలో ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం మీదే భూమికకు అనుమానం. సంచి మీద సీలు మాత్రం చెక్కుచెదరలేదు.

భూమిక జడపిన్నులోని మైకులో గుసగుసలాడింది. "సార్, నాకు భయంగా ఉండాది."

"నాకూ ఉండాదమ్మా," అంది చెవిలోని గొంతు.

వేదిక మీద యతీశ్ సంచి విప్పి లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు. చప్పట్లు. సుమ ముందుకొచ్చింది. కొత్త చీర, చెమట పట్టిన మొహం. మూత మీద చెయ్యి వేయబోతూ ఆగి, వేదిక పక్కన నిలబడ్డ భూమికను చూసి కళ్ళతోనే నవ్వింది. మూతను చూపించి, తన నుదురు తాకి చూపించింది. తుడిచినదాన్ని మళ్ళీ నువ్వే పెట్టినావు కదక్కా అన్నట్టు.

భూమిక మూత వైపు చూసింది. దాని మీద ఎర్రచుక్క. ఆమె పెట్టలేదు. తుడిచిన బొట్టు దానంతటది ఎలా వస్తుంది?

చటుక్కున వెలిగింది. ముఠావాళ్ళు ఎక్కడో సముద్రం అవతల కూర్చుని, దొంగ ఫోటో చూసి, చుక్కతో సహా అచ్చు దించారు. మొదటి వరుసలో మంజుశ్రీ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె తలుపు దగ్గర ఉంది. రెండు చేతులూ చెవుల మీద ఉన్నాయి.

సుమ బొటనవేలు మూతను వేలెడు ఎత్తింది.

"సుమా! చెయ్యి కదిలించొద్దు!"

"ఏమక్కా?" సుమ కొయ్యబారింది.

భూమిక ఒక్క దూకున వేదికెక్కి, రెండు చేతులతో మూతను అదిమింది. చుక్క మీద వేలు రాసింది. అంటుకోలేదు. లోహంలోనే దిగిన రంగు. లోపలేదో టిక్కుమంది, అరచేతికి వేడి తగిలింది.

"పరిగెత్తండి! అందరూ!"

మూత తెరుచుకోకుండా లాప్‌టాప్‌ను రొమ్ముకు అదుముకుని పక్క తలుపులోంచి బయటికి పరిగెత్తింది. అమ్మా, అమ్మా అని నోరు దానంతటదే అంటోంది. కొత్త షెడ్డు కడుతున్నచోట ఇసుక కుప్ప కనబడింది. తుమ్మెదను అందులోకి విసిరి, కాంక్రీటు పైపు వెనక్కి దూకింది.

ఆ విసురుకు మూత తెరుచుకుంది. నేల అదిరింది. ఇసుక వానలా కురిసింది. హాలు అద్దాలన్నీ పగిలాయి. హాల్లో ఒక్క మనిషికి కూడా గీత పడలేదు.

గేటు దగ్గర మంజుశ్రీ కారుకు రోజాల బండి అడ్డం వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకున్న వ్యాపారి కిటికీలోకి వంగాడు.

"యాడికమ్మా అంత తొందర?"

కారు డిక్కీలో అసలు తుమ్మెద దొరికింది, పొద్దున సీలు వేసిన సంచిలోనే; మేకప్ గదిలో మంజుశ్రీ సంచినే మార్చేసింది. మూత నున్నగా, మచ్చ లేకుండా ఉంది.

సుమ ఏడుస్తూ భూమిక కాలిన అరచేతులకు మందు రాసింది. "నువ్వు పోలీసా అక్కా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే నువ్వు భయపడతావని," అంది భూమిక. నిజానికి భయపడింది తను.

సాయంత్రం అసలు తుమ్మెద మూత తెరిచారు. పేలలేదు, వెలిగింది. యతీశే కుంకుమ భరిణె తెచ్చి సుమ చేతిలో పెట్టాడు, కానీ ఈసారి లోపలివైపు పెట్టమన్నాడు.

ఆ రాత్రి రూమర్ సైట్లన్నిటిలో ఒకటే వార్త: "ఆఖరి నిమిషంలో ఎర్రచుక్క సెన్సర్ ఎత్తేసిన కంపెనీ. అభిమానులకు తీరని నిరాశ."