నాలుగో పడక ఫ్యాను

శంషాబాద్ ఊరు దాటి కొత్తూరు వైపు కొంచెం పోతే, రోడ్డుకి ఎడమ పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంటుంది. ఇన్వర్టర్లకీ సోలారుకీ బ్యాటరీలు బిగించి ఇచ్చే కార్ఖానా. రెండు వేల పదమూడులో నేనక్కడ సూపర్‌వైజరుని. అప్పట్లో కరెంటు కొరత. సాయంత్రం ఆరు నుంచి పది దాకా కార్ఖానాలు నడపొద్దని ఆర్డరు. ఆరు కొట్టగానే అందరూ ఇళ్ళకి పోయేవాళ్ళు. నేనూ, వాచ్‌మన్ ఐలయ్యా మిగిలేవాళ్ళం. చీకట్లో యాసిడ్ వాసన, నెత్తిమీంచి దిగే విమానాల మోత, అవి పోయాక రేకులు సన్నగా వణికే చప్పుడు. అంతే.

నా భార్య రేవతి నర్సు. ఒక సేవాసంస్థ గోదావరి మీద ఆసుపత్రి పడవ నడిపేది. కొండల మధ్య, రోడ్డు లేని ఊళ్ళకి మందులూ టీకాలూ మోసుకెళ్ళే పడవ. రేవతికి అందులోనే ఉద్యోగం, అందులోనే కాపురం. పిల్లలిద్దరూ ఆమె దగ్గరే. ప్రియదర్శినికి పదేళ్ళు, చందుకి ఆరు. నేను శంషాబాద్‌లో కిరాయి గదిలో.

పద్నాలుగు నెలలుగా పిల్లల్ని ఫోన్లోనే పెంచుతున్నాను. రోజూ ఏడింటికి పడవ సిగ్నలు దొరికే రేవులో ఆగుతుంది. అడగాల్సినవన్నీ ముందే కాగితం మీద రాసుకునేవాణ్ణి. గోళ్ళు తీసుకున్నారా? రెయిలింగు దగ్గరకి వెళ్ళారా? పన్నెండో ఎక్కం వచ్చిందా? వాళ్ళు "ఆఁ, ఆఁ" అంటూ జవాబులు చెప్పి, నేను అడగనివి ఉత్సాహంగా చెప్పేవాళ్ళు.

"నాన్నా, డాక్టర్ మామయ్య నాకు ఈత నేర్పుతానన్నాడు" అన్నాడు ఒకసారి చందు.

డాక్టర్ శివరామకృష్ణ. నెలకోసారి వచ్చి పడవలో రెండు రోజులుంటాడు. పడవలో నాలుగు పడకలుంటే కిటికీ పక్కనున్న నాలుగోది ఆయనకి. ఆ మనిషిని నేను ఒక్కసారే చూశాను. ఏ తప్పూ దొరకలేదు. అదే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

పడవలో పాత సోలారు చాలడం లేదనీ, కొత్తది ఎంత పెట్టాలో లెక్కకట్టి ఇమ్మనీ సంస్థవాళ్ళు అడిగితే నేనే ముందుకొచ్చాను. నా చేతి వెలుగులో నా పిల్లలు చదువుకుంటారు గదా అనుకున్నాను.

ఇలాంటి లెక్క కట్టడమంటే, అక్కడ బతికేవాళ్ళ రోజునంతా కాగితం మీదికి ఎక్కించడమే. ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎవరి దీపం ఎంతసేపు, ఎవరి ఫ్యాను ఎన్ని గంటలు, టీకాల ఫ్రిజ్ ఎంత తాగుతుంది. నది మధ్యలో కరెంటు అయిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. అందుకని ఒక్క బల్బు కూడా అబద్ధం రాయకూడదు.

నేను ఒకటి రాశాను.

నాలుగో పడక ఎదురుగా "డాక్టరు, నెలకి రెండు రోజులు" అని రాయాలి. పెన్ను కదల్లేదు. "నాన్న" అని రాశాను. దాని పక్కన "రోజూ, ఏడు నుంచి పది" అని రాశాను. రాసి, పైన అద్దుడు కాగితం పెట్టి ఒత్తాను, సిరా చెదిరిపోకుండా.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. ఏ సిస్టమునైనా పంపేముందు అయిదు రోజులు నిజమైన లోడు పెట్టి నడపాలి. తీగ పొడవులు కూడా అక్కడున్నంతే ఉండాలి. సన్న తీగలో దూరం పెరిగితే కరెంటు దారిలోనే సగం చచ్చిపోతుంది. అందుకని సుద్దముక్కతో గచ్చు మీద పడవ మొత్తం గీశాను. నలభై అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు. గదులు, ఫ్రిజ్, నాలుగు పడకలు. ప్రియ చదువుకునే చోట దీపం. చందు పడక మీద చిన్న ఫ్యాను.

ఐలయ్య నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏంది సారూ గిది? పడవ గీసినవ్ మంచిగనే. నీళ్ళు నేన్ తేవాల్నా?"

"ట్యాంకరు చెప్పు ఐలయ్యా."

"ట్యాంకరు రెండు రోజులైనా వస్తలేదు, నువ్వు గోదారే తెమ్మంటున్నవ్" అని నవ్వి, తువ్వాలు దులుపుకుని గేటు దగ్గరికి పోయాడు.

ఉత్త బల్బులు వెలిగించి వదిలేస్తే పద్ధతి ప్రకారం చాలు. నాకు చాలలేదు. ఏడింటికి ప్రియ దీపం వేశాను. ఎనిమిదిన్నరకి ఆపాను. చందు ఫ్యాను వేశాను. ఆ పనులకి లేవడం తప్ప, ఏడింటి నుంచే నాలుగో పడక గీతల మధ్య చాప పరచుకుని, ఫ్యానూ దీపమూ వేసుకుని నేనే పడుకున్నాను. పదింటిదాకా. కళ్ళు మూసుకుంటే పిల్లలు పక్కనే ఉన్నట్టుండేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మూడు గంటల కోసమే పొద్దుటినుంచీ ఎదురుచూసేవాణ్ణి.

మొదటి రోజే ఒక తేడా వచ్చింది. నా ఫ్యాను గిర్రున తిరుగుతోంది. దీపం వెలుగుతోంది. ఆ రెంటి లైనుకి పెట్టిన మీటరు మాత్రం సున్నా చూపిస్తోంది. మీటరు పోయిందనుకుని కొత్తది పెట్టాను. అదీ సున్నాయే.

మర్నాడు సాయంత్రం ప్రియ పడవలోని మీటరు చదివి చెప్పింది. రోజూ ఎంత కరెంటు ఖర్చవుతోందో దానిమీద చూసి చెప్పడం నేను పెట్టిన పని. ఎప్పుడూ నలభై రెండు ఆంపియర్-గంటల దగ్గర ఉండేది.

"నలభై తొమ్మిదిన్నర నాన్నా."

"సరిగ్గా చూడు తల్లీ."

"చూశాను. నలభై తొమ్మిదిన్నరే."

ఏడున్నర ఎక్కువ. ఎలక్ట్రీషియనుకి చేతి వేళ్ళు లెక్కపెట్టినంత సులువు అది. ఒక ఫ్యాను, ఒక దీపం, మూడు గంటలు. పడవలో ఇంకొకడు పడుకుంటున్నాడు.

మూడో రోజూ అంతే. డాక్టరు రావాల్సిన రోజులు కావవి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, వేళ్ళు ఎండిపోయేదాకా కలుపుతూనే ఉండిపోయాను. కిటికీ పక్కన ఆయన కాళ్ళు చాపుకుని పడుకుని ఉంటాడు. చందు ఆయన పొట్టమీద ఎక్కి ఉంటాడు. రేవతి మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ ఉంటుంది...

నాలుగో రోజు రేవతిని పిలవమన్నాను.

"నాలుగో పడక మీద ఎవరుంటున్నారు?"

"ఎవరుంటారండీ? ఖాళీ."

"ఫ్యాను తిరుగుతోంది కదా."

"పిల్లలు వేస్తున్నారు. నేను ఆపి వస్తాను, మళ్ళీ వేస్తారు. అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. నాకూ విసుగొస్తోంది."

"డాక్టరు గారు ఈ మధ్య..."

అటునుంచి నీళ్ళు పడవని తడుతున్న చప్పుడు వినిపించింది.

"అడగదలచుకున్నది సూటిగా అడగండి" అంది రేవతి. నేను అడగలేదు. ఆమె ఫోను పెట్టేసింది.

పెట్టేశాక కూడా నీళ్ళ చప్పుడు ఆగలేదు. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. స్క్రీను ఆరిపోయి ఉంది. చప్పుడు గచ్చు కిందనుంచి వస్తోంది. మెల్లగా... తడుతూ...

"గా గీతల నడుమ పండుకోకు సారూ" అన్నాడు ఐలయ్య ఆ రోజు గేటు వేస్తూ. "లేపుదామని వస్తి. రెండుసార్లు పిలిస్తి. కండ్లు తెరిచే ఉన్నయ్ గని, నువ్వు లేవ్ అండ్ల."

"అలిసిపోయి ఉంటాను."

"అలుపు గాదు. నేన్ చూసిన గదా" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అయిదో రోజు. చివరి రోజు. ఐలయ్య లోపలికి రానని గేటు బయటే కుర్చీ వేసుకున్నాడు. షట్టరు సగం దించాను. ఏడింటికి నా ఫ్యానూ దీపమూ వేసుకుని చాపమీద వాలి, ఫోను కలిపాను. యాసిడ్ వాసన లేదు. తడి బురద వాసన. నాచు వాసన. ఫిబ్రవరి ఎండకి పగిలిన నేల మీద, చుట్టుపక్కల చెరువు లేని చోట.

ప్రియ ఎత్తింది. గుసగుసగా మాట్లాడింది.

"నాన్నా."

"అమ్మేది?"

"ఒడ్డున ఊళ్ళో ఎవరికో కాన్పు. పడవ నడిపే సరంగు తాత తోడు వెళ్ళాడు."

"మీరిద్దరే ఉన్నారా?"

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్న చప్పుడు.

"ప్రియా, నిజం చెప్పు. కోప్పడను. ఆ పడక మీద డాక్టరు మామయ్య పడుకుంటున్నాడు కదూ?"

"కాదు."

"మరి ఎవరు?"

"నువ్వే చెప్పొద్దన్నావుగా నాన్నా."

ఫ్యాను గాలి ఒక్కసారిగా చల్లబడింది.

"నేనెప్పుడన్నాను?"

"మొన్న. వచ్చినప్పుడు. అమ్మకి చెప్పొద్దు, అమ్మకి కనపడనులే అన్నావు."

నేను లేచి కూర్చోవాలి. కూర్చోలేదు. "నేను వచ్చి... ఏం చేస్తాను?"

"ఏడింటికి వస్తావు. ఫ్యాను వేసుకుని పడుకుంటావు. ఎక్కాలు అడగవు. గోళ్ళు చూడవు." ఆ గొంతులో సంతోషం నాకు తెలుసు. నాతో మాట్లాడేటప్పుడు ఎన్నడూ వినని సంతోషం. "కథ చెప్తావు. తర్వాత పది కాగానే వెళ్ళిపోతావు."

ముందు నాకు భయం వేయలేదు. భయం కంటే ముందు ఈర్ష్య వచ్చింది. వాడెవడు? నా పిల్లలకి ఏ కథ చెబుతున్నాడు? నేను పద్నాలుగు నెలల్లో ఒక్క కథ కూడా చెప్పలేదు.

"చందు ఏడి?"

"నీ చెయ్యి మీద తల పెట్టుకుని పడుకున్నాడు."

అప్పుడు తెలిసింది. నా ఎడమ చెయ్యి బరువెక్కి ఉంది. మోచేతి మడతలో వెచ్చగా, కొద్దిగా చెమటగా... ఒక చిన్న తల బరువు. ఊపిరి కూడా తగులుతోంది. అక్కడ చాప, గచ్చు తప్ప ఏమీ లేదు. నేను చెయ్యి లాక్కోలేదు. దేవుడు క్షమించుగాక, ఒక నిమిషం పాటు లాక్కోలేదు. కదిలితే వాడు లేస్తాడేమోనని ఊపిరి బిగబట్టాను.

తర్వాత గుర్తొచ్చింది. ఇద్దరు పిల్లలు. చీకటి నది. పడవలో ఒంటరిగా. వాళ్ళ పక్కన నేను కాని ఎవడో.

లేచాను. గీత దాటాను. గోడ దగ్గరికి పరుగెత్తి ఫ్యాను స్విచ్చీ, దీపం స్విచ్చీ ఆపేశాను. బ్యాటరీ తీగ ఊడబెరికాను. నిప్పురవ్వ ఎగిరి వేలు కాలింది. షెడ్డు చీకటైపోయింది. పై నుంచి విమానం పోయింది. రేకులు వణికి ఆగాయి.

"ప్రియా! వెళ్ళిపోయాడా? లేచి వెళ్ళిపోయాడా?"

"లేదే. ఇక్కడే ఉన్నావుగా. ఫ్యాను కూడా తిరుగుతోంది."

"తల్లీ, నా మాట విను. చందుని లేపు. ఇద్దరూ దిగి ఒడ్డుకి..."

"ఉండు నాన్నా." ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టిన చప్పుడు. అటు ఏదో అడుగుతున్న గొంతు. మగ గొంతు. తగ్గు స్వరం. మాటలు తెలియడం లేదు. కానీ ఆ అడిగే తీరు నాకు తెలుసు. నిన్న రేవతిని నేను అడిగిన తీరు.

ప్రియ మళ్ళీ వచ్చింది. ఈసారి గుసగుస కూడా సన్నబడిపోయింది.

"ఫోన్లో ఎవరని అడుగుతున్నాడు. డాక్టరు గారా అని అడుగుతున్నాడు."

"నాన్ననని చెప్పు. నేనే మీ నాన్ననని చెప్పు!"

"కోపంగా ఉన్నాడు." ఫోను నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "రాంగ్ నంబరని చెప్పేశా నాన్నా..."

ఫోను ఆగిపోయింది. ఎన్నిసార్లు కలిపినా కలవలేదు.

షట్టరు కింద నుంచి పాకి బయటపడ్డాను. ఐలయ్య నన్ను చూసి ఏమీ అడగకుండా బండి తీశాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు. "పోరగాండ్లు పైలంగనే ఉంటరు సారూ. పరేషాన్ గాకు." ఊళ్ళో రాజమండ్రి బస్సెక్కించాడు. రాత్రంతా కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నాను. ఫోను కలపడం మానలేదు.

రాజమండ్రిలో దిగి, ఇంకో బస్సెక్కి, ఆటో మాట్లాడుకుని రేవుకి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. పడవ అక్కడే ఉంది. పైన తాడు మీద చందు నిక్కరు ఆరేసి ఉంది. చందు గాలిపటం కాగితం చింపుకుంటూ కూర్చున్నాడు. ప్రియ పుస్తకం పట్టుకుని ఉంది. ఇద్దరూ బాగానే ఉన్నారు. చెప్పులు ఇసుకలో వదిలేసి పడవ వైపు నడిచాను.

రేవతి బిందెతో ఒడ్డుకి దిగుతోంది. తలలో కనకాంబరాలు పెట్టుకుంది. నన్ను చూసి ఆగింది. నవ్వింది. మా పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో అలా నవ్వేది. ఆ నవ్వుకి నేను ఏం చేశానా అని వెతుక్కున్నాను. ఏమీ చేయలేదు.

బిందె దించి, పైట చెంగుతో నా నుదుటి చెమట తుడుస్తూ అంది...

"అదేమిటండీ, పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కించి వచ్చాను గదా. సగం దారిలో దిగిపోయారా? ఏం మర్చిపోయారు?"