చెరిపేసిన పేరు

తెల్లవారేసరికి రేపల్లె అవతల రేవులో పేరయ్య పడవ బూడిదైంది.

డీజిల్ పోసి అంటించారు. పని తెలిసినవాళ్లు తాపీగా చేసిన పని. పేరయ్య రోజూ పడవలోనే పడుకుంటాడు, ఆ సంగతి తెలిసే వచ్చారు. సరిగ్గా ఆ రోజే కూతురు రత్తాలు జ్వరమొచ్చిందని కబురు పెడితే వాళ్లింటికి వెళ్లాడు. భూమ్మీద నూకలున్నాయి కాబట్టి బతికిపోయాడు.

ఆ పొద్దున్నే బాపట్లలో ఒక ఆక్వా ల్యాబ్ ముందు ఆటో దిగాడు శివనాగరాజు. రొయ్యల చెరువుల రైతులు సీసాల్లో నీళ్లు తెచ్చి పరీక్ష చేయించుకునే ల్యాబ్ అది. రిపోర్టులు కూడా నిజంగానే ఇస్తారు. కానీ మేడమీదికి వెళ్లాలంటే కౌంటర్ దగ్గర "నీళ్లలో ఉప్పెక్కువైందండి" అనాలి. "చెరువుదా, కాలవదా?" అని అడుగుతారు. "రెండూ కాదండి, బావిది" అంటే తలుపు తీస్తారు. ఆ తలుపు వెనక ఉన్నది తీరప్రాంతపు గూఢచారి విభాగం. అందులో శివనాగరాజు కోడ్ నేమ్ శంఖం.

చిన్నప్పుడే చూపు పోయిన శివనాగరాజు తెల్లకర్ర మడిచి చంకలో పెట్టుకుని మెట్లు గబగబా ఎక్కాడు. చీఫ్ రంగనాయకులు గొంతు మామూలుగా లేదు.

"కూర్చో శంఖం. పేరయ్య పడవ తగలబెట్టారు."

"బాబాయ్..."

"బతికే ఉన్నాడు. తెనాలి తీసుకెళ్లి బసవమ్మగారింట్లో పెట్టాం. ఆ ఇల్లు మనిద్దరికే తెలుసు."

శివనాగరాజు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. పేరయ్య అతని నాన్నతో కలిసి వేటకెళ్లిన మనిషి. సముద్రంలో మన నౌకల చప్పుడు వినే పరికరాలను జాలర్లకు డబ్బిచ్చి దింపిస్తున్న విదేశీ ముఠా ఒకటుంది. ఆ పరికరాలు పంచే నాయకుడి మొహం చూసిన మనిషి తీరం మొత్తమ్మీద పేరయ్య ఒక్కడే. "మాకు చెప్పు బాబాయ్, నీకేం కాదు, నా పూచీ" అని చేతిలో చెయ్యేసి ఒప్పించింది శివనాగరాజే.

"పేరయ్య పేరు నీకూ నాకూ తప్ప తెలీదు. ఎక్కడైనా రాశావా?" అన్నాడు చీఫ్.

"లేదు సార్." జవాబు ఠక్కున వచ్చింది. తర్వాత సవరించుకున్నాడు. "అంటే... ఆపరేషన్ డాక్యుమెంట్‌లో రాశాను సార్. వెంటనే చెరిపేశాను. మళ్లీ మొదటినుంచి విని చూసుకున్నా, ఎక్కడా లేదు."

"చెరిపేస్తే పోయినట్టేనా?"

శివనాగరాజు లేచి తన గదికి వెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనే అతని ఉద్యోగం. అది పలికితే ఉన్నట్టు, పలక్కపోతే లేనట్టు. ఇన్నేళ్లుగా అతని లోకం అదే, పాపం. డాక్యుమెంట్ దానంతటదే సేవ్ అవుతుందనీ, ప్రతి మార్పూ వెర్షన్ హిస్టరీలో పడి ఉంటుందనీ ట్రైనింగ్‌లో చెప్పారు. తనూ తలాడించాడు. తలాడించినవన్నీ గుర్తుంటే మనుషులకు ఇన్ని తిప్పలెందుకు?

కీబోర్డ్ షార్ట్‌కట్ నొక్కి వెర్షన్ హిస్టరీ తెరిచాడు. బాణం కీతో ఒక్కో మెట్టూ కిందికి దిగాడు. "వెర్షన్. మంగళవారం. ఎడిట్ చేసినవారు, శివనాగరాజు," అంది గొంతు. ఎంటర్ నొక్కాడు.

"ఇన్ఫార్మర్ పేరు పేరయ్య. ఎర్ర పడవ. పడక పడవలోనే."

తన వాక్యమే. తను చెరిపేసి హాయిగా ఊపిరి పీల్చుకున్న వాక్యం. చెవుల్లో వేడి పుట్టింది. తర్వాతి మార్పు కోసం ఒక మెట్టు పైకి ఎక్కాడు.

"ఎడిట్ చేసినవారు, మాధురి." ఎంటర్.

"ఎర్ర పడవ. లోపలే పడుకుంటాడు. రేపు పూర్తి చెయ్యండి."

ఆ తర్వాతి వెర్షన్‌లో ఆ లైను లేదు. మళ్లీ మాధురి పేరు, మళ్లీ ఒక లైను, మళ్లీ మాయం. ఏ రేవులో కాపలా ఉంది, ఏ రోజు లేదు, అంతా ఉంది. ఆమె రాస్తుంది, సేవ్ కాగానే చెరిపేస్తుంది. అవతల ముఠా నాయకుడు ఆమె లాగిన్‌తోనే హిస్టరీ తెరిచి చదువుకుంటాడు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. శివనాగరాజు కష్టపడి టైప్ చేసుకుంటున్న డాక్యుమెంటే ముఠాకు పోస్టాఫీసు!

మాధురి అంటే ఆఫీసులో తెలియనివాళ్లు లేరు. ఆమె గదిలోకి వస్తే కుర్చీలు సర్దుకునే చప్పుడు వినపడేది. మన తరఫున ముఠాలో చేరి కబుర్లు మోసుకొచ్చే డబుల్ ఏజెంట్ అని చీఫే పరిచయం చేశాడు. డబుల్ సంగతి నిజమే, ఎటువైపన్నదే ఎవరూ అడగలేదు.

మరి ఆమెకు డాక్యుమెంట్‌లో చెయ్యిపెట్టే హక్కు ఎవరిచ్చారు? ఇంకెవరు, మన శంఖం గారే. గుంటూరు మీటింగ్‌లో అతని రిపోర్ట్ తెరమీద వేస్తే ఎవరో కిసుక్కున నవ్వారు. సగం అక్షరాలు పెద్దవి, సగం చిన్నవి అట. ఆ నవ్వు అతనికి ముల్లులా గుచ్చుకుంది. అక్షరం సైజు చెప్పమంటే స్క్రీన్ రీడరే చెబుతుంది, ఒక కీ నొక్కితే చాలు. అంతమాత్రం ఓపిక పట్టకుండా "మీరు కాస్త అందంగా సర్దిపెడతారా మాధురిగారూ" అని అడిగి ఎడిట్ యాక్సెస్ చేతిలో పెట్టాడు.

అది సగం. రెండో సగం తలుచుకుంటే అతనికి తల కొట్టేసినట్టయింది. రెండు మాటలు రాస్తే చాలు, స్క్రీన్ రీడర్ మధ్యలో దూరి "సేవ్ అయింది" అనేది. ఇంకెవరైనా డాక్యుమెంట్‌లోకి వస్తే "మాధురి ఎడిట్ చేస్తున్నారు" అనేది. ఆలోచన తెగిపోతోందని విసుక్కుంటుంటే "నేను ఆపేస్తానుండండి శివగారూ" అంటూ ఆమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ రెండు ప్రకటనలూ ఆపేసింది. "అబ్బ, ప్రాణం లేచొచ్చిందండి" అని థాంక్స్ కూడా చెప్పాడు. దొంగ వస్తే మొరిగే కుక్కను దొంగ చేతికే ఇచ్చి కట్టేయించాడు.

చీఫ్ దగ్గరికి వెళ్లి నిలబడే అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రంగనాయకులు తిట్టలేదు. తిడితే బావుండేది.

"అరెస్ట్ చేసేద్దామా?" అన్నాడు చీఫ్.

"ఆమె దొరికితే నాయకుడు సముద్రం దాటేస్తాడు సార్. బాబాయ్ బతికున్నంతకాలం వెతుకుతూనే ఉంటారు. వాళ్లు నేను రాసింది నమ్మరు, చెరిపేసింది నమ్ముతారు. ఒక్క అబద్ధం రాసి చెరిపేస్తాను."

మర్నాడు పని మొదలుపెట్టాడు. ముందు ఆ రెండు ప్రకటనలూ మళ్లీ పెట్టుకున్నాడు. మాధురి పక్క టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నాక టైప్ చేశాడు: "పేరయ్య కర్లపాలెం దగ్గర మూతబడిన ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడు. శుక్రవారం ఉదయం దాకా అక్కడే."

ఇక "సేవ్ అయింది" అనే మాట వినాలి. విన్నాక చెరపాలి. ముందే చెరిపేస్తే హిస్టరీలో ఏమీ మిగలదు, ఎర ఉండదు. ఆ గొంతు మాత్రం పలకదే! నెట్ నత్తనడక నడుస్తోంది. నోరు మూసుకోమని తరిమేసిన మాట కోసం ఇప్పుడు చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"ఏంటి శివగారూ, అలా అయిపోయారేంటి? మొహమంతా ఎర్రగా ఉంది," అంది మాధురి, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.

అప్పటికే ఆమె తెర చూసేసింది. ఈ మనిషికి కదూ థాంక్స్ చెప్పాను, ఈ గొంతు విని కదూ మురిసిపోయాను అనుకునేసరికి సిగ్గు మెడ దాకా పాకింది.

"సేవ్ అయింది," అంది చెవిలో గొంతు.

గబగబా లైను చెరిపేశాడు. "పేరు... రాయకూడనిది రాశానండి. చీఫ్‌కు తెలిస్తే చంపేస్తాడు. మీరు చూడలేదు కదా?"

"నేనేం చూశాను? పొరపాట్లు అందరూ చేస్తారండి," అంది తేనె పూసినట్టు.

శుక్రవారం ఉదయం కర్లపాలెం రోడ్డు మీద ఐసు ఫ్యాక్టరీ గేటు బార్లా తెరిచి ఉంది. ఆవరణలో రొయ్యల ట్రేలు మోస్తున్న కూలీలంతా గూఢచారి విభాగం మనుషులే. లోపల గదిలో కానిస్టేబుల్ బెన్నీ పేరయ్య లుంగీ కట్టుకుని, అతని పచ్చ తువ్వాలు తలకు చుట్టుకుని, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. గోడ పక్కన ఆపిన ఐసు వ్యాన్‌లో చీఫూ, ఒళ్లో లాప్‌టాప్‌తో శివనాగరాజూ ఉన్నారు.

"మాధురి లోపలికెళ్లింది. నాయకుడి కారు గేటుకు అవతల ఆగింది. ఇంజన్ ఆపలేదు," అన్నాడు చీఫ్ కిటికీలోంచి చూస్తూ. "రోడ్డు మీద పట్టుకోవాలని చూస్తే ఉడాయిస్తాడు. గేటు లోపలికి రావాలి."

లోపల ఉన్నది పేరయ్యేనని ఆమె రాసే మాట కోసం నాయకుడు ఎదురుచూస్తున్నాడు. డాక్యుమెంట్ తెరిస్తే తన ఉనికి అందులో కనపడుతుందని అతను హిస్టరీ మాత్రమే చూస్తాడు. అక్కడికి ఏదైనా చేరాలంటే సేవ్ అయి తీరాలి.

"మాధురి ఎడిట్ చేస్తున్నారు," అంది చెవిలో గొంతు.

ఆమె ఎప్పుడూ రాసే పేరా మీదే కర్సర్ పెట్టి ఉంచాడు. లైను చదివించాడు.

"మనిషి వేరు. వల పన్నారు. వెనక్కి పో."

"ఏమైందయ్యా?" అన్నాడు చీఫ్.

చెప్పే టైము లేదు. సేవ్ అయితే ఆ మూడు మాటలూ కారులోకి చేరతాయి. కారు వెళ్లిపోతుంది. పేరయ్య తెనాలిలో ఆ నాలుగ్గోడల మధ్యే బతకాలి, అదీ వాళ్లు వెతికి పట్టుకునేదాకా. సేవ్ కాకముందే మారిస్తే, ఆ మార్పు మాధురి పేరుతోనే కలిసి పడుతుంది. లైను మొత్తం సెలెక్ట్ చేసి, దానిమీదే కొట్టాడు: "మనిషి వీడే. లోపలికి రా."

గదిలో మాధురి ఫోన్‌లో తన అక్షరాలు కళ్లముందే మారిపోయాయి. ఆమె మళ్లీ టైప్ చెయ్యబోయింది. బెన్నీ ఒక్క దూకు దూకి చెయ్యి పట్టుకున్నాడు. ఫోన్ నేలమీద పడింది.

"సేవ్ అయింది."

ఇంజన్ శబ్దం పెరిగింది. కారు గేటు దాటింది. రొయ్యల ట్రేలు ఒక్కసారిగా నేలమీద పడ్డాయి. గేటు ధడాలున మూసుకుంది. కారు డోరు తియ్యడం, తిట్లు, పెనుగులాట, చివరికి బేడీల చప్పుడు. నాయకుడి దగ్గర పిస్టలూ, సముద్రంలో పరికరాలున్న చోట్ల మ్యాపూ దొరికాయి.

మాధురిని వ్యాన్ పక్కనుంచి తీసుకెళ్తుంటే ఆగింది.

"నన్ను నమ్మించింది మీ మొహమేనండి. అంత సిగ్గు ఎవరూ నటించలేరనుకున్నాను," అంది.

"నేనూ నటించలేదండి," అన్నాడు శివనాగరాజు.

రంగనాయకులు భుజం తట్టాడు. "శభాష్ శంఖం! ఆ ప్రకటనలు ఆపేయించిన గొడవ రిపోర్ట్‌లో అక్కర్లేదులే. డిపార్ట్‌మెంట్ పేరయ్యకు కొత్త పడవ ఇప్పిస్తుంది. ఎవరి వల్ల పోయిందో అతనికి తెలియాల్సిన పనేముంది?"

మంచి మాటే. ఆశపడదగ్గ మాట. ఆ రోజు మధ్యాహ్నం తెనాలి వెళ్లే రైల్లో ఆ మాట పదిసార్లు గుర్తొచ్చింది. చుండూరు దాటేసరికి, చెప్పకపోతే ఏమవుతుందిలే అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది.

బసవమ్మగారింట్లో పేరయ్య వసారాలో కూర్చున్నాడు. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసిన బసవమ్మ లోపల వంట చేస్తోంది.

"ఏరా నాగరాజూ, దొరికారంటగా! ఇంకేం, నేను రేవుకెళ్లిపోవచ్చు," అన్నాడు పేరయ్య.

"వెళ్లొచ్చు బాబాయ్." కర్ర మడవలేదు, కూర్చోలేదు. "నీ పేరు వాళ్లకి చేరింది నా వల్లే. రాయకూడనిచోట రాశాను. చెరిపితే పోయిందనుకున్నాను. కాపలా కాసే గొంతు విసుగ్గా ఉందని నేనే ఆపేయించాను. నీ పడవ నేను తగలబెట్టినట్టే."

లోపల గరిటె చప్పుడు ఆగింది.

"రత్తాలుకు జ్వరం రాకపోతే నేను కాలిపోయుండేవాణ్ణి," అన్నాడు పేరయ్య.

"అవును బాబాయ్."

"నీ పూచీ అన్నావు."

"అన్నాను."

చూపులేని మనిషికి ఎదుటివాడి మౌనం మరీ పెద్ద శిక్ష. కోపమో, ఏడుపో, ఏదీ అంతు చిక్కదు.

"ఇప్పుడు ఎందుకొచ్చినట్టు? క్షమించమని అడగటానికా, అన్నం తినటానికా?"

"క్షమించమని."

"అయితే ముందు అన్నం తిను. ఖాళీ కడుపున తిట్లు తింటే కళ్లు తిరిగి పడతావు."

శివనాగరాజు కంచం ముందు కూర్చున్నాడు. పెట్టిందంతా తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చేదాకా పేరయ్య ఓపిగ్గా ఆగాడు. తర్వాత మొదలుపెట్టాడు. పడవ కొన్న రోజునుంచీ, దానికి వేసిన రంగునుంచీ, పడవ మీద చెయ్యేసి చచ్చిపోయిన శివనాగరాజు నాన్న నుంచీ ఎత్తుకుని, పొద్దువాలేదాకా తిట్టాడు. శివనాగరాజు తల వంచుకుని ఒక్క మాటా వదలకుండా విన్నాడు.

మధ్యలో బసవమ్మ పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. అతను చెయ్యి చాపాడు. గ్లాసు అతని చేతి పక్కనుంచి సాగి, తిట్టి తిట్టి గొంతెండిపోయిన పేరయ్యకు చేరింది.